డబ్లిన్‌లో మదనపల్లె

డబ్లిన్‌లో దిగిన మొదటి వారం, వచ్చే బస్సు పోయే బస్సు నుదుటి మీద ‘ఆన్ లార్’ అని కనిపించేది. అదేదో పెద్ద ఊరు కాబోలు, అందరూ అక్కడికే పోతున్నారు అనుకున్నాను. ఐరిష్ భాషలో ఆ మాటకి ‘నడిమధ్య’ అని అర్థం. ఊరి నడిబొడ్డుకి పోయే బస్సు అన్నమాట. ఈ సంగతి నాకు తెలిసేసరికి నాలుగు నెలలైంది. తెలియకపోవడం కాదు నన్ను ఇబ్బంది పెట్టింది, ఆ నాలుగు నెలలూ ఎవర్నీ అడగాలని కూడా అనిపించకపోవడం.

తొమ్మిది నెలల పని మీద కంపెనీ పంపితే తిరుపతి నుంచి వచ్చినవాణ్ణి. నలుగురం తెలుగువాళ్ళం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆఫీసు, ఇల్లు, శనివారం ఇండియన్ కొట్లో కందిపప్పూ చింతపండూ, రాత్రి ఒక తెలుగు సినిమా. ఒక పొడుగాటి వీకెండ్‌లో అందరూ పోయే కొండచరియలకి పోయి ఫోటోలు దిగొచ్చాం. దేశం చూసినట్టే లెక్క.

మా అమ్మ పుట్టిల్లు మదనపల్లె. మా తాత అక్కడి బి.టి. కాలేజీలో చదువుకున్నాడు. ఒకరోజు ఫోన్లో, “ఒరే అబ్బోడా, నువ్వుండేది ఐర్లాండులోనే కదా? మా కాలేజీలో జనగణమనకి బాణీ కట్టిన దొరసానిది ఆ దేశమే. ఆయమ్మ ఊరు యాడుందో కనుక్కో” అన్నాడు. చిన్నప్పుడు సెలవులకి పోయినప్పుడల్లా విన్న కథే. మదనపల్లెలో టమాటా మండీ గురించి ఎట్లా చెప్తారో ఈ కథనీ అట్లాగే చెప్తారు. ఆ దొరసానికి ఒక పేరుంటుందనీ, ఊరుంటుందనీ నేనెప్పుడూ అనుకోలేదు.

ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. 1878లో రోస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే చిన్న ఊర్లో పుట్టింది. డబ్లిన్‌లో సంగీతం చదివి డిగ్రీ తెచ్చుకుంది. 1903లో జేమ్స్ కజిన్స్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన కవి, నాటకకర్త. యేట్స్ లాంటివాళ్ళు ఐరిష్ సాహిత్యాన్ని కొత్తగా నిలబెడుతున్న రోజులవి, ఈయనా ఆ గుంపులోవాడే. ఇద్దరూ శాకాహారులు. 1904 జూన్‌లో, ఉండటానికి చోటులేని ఒక కుర్రాడికి శాండీమౌంట్‌లోని తమ ఇంట్లో చోటిచ్చారు. వాళ్ళ కూరగాయల భోజనం కడుపుకి పడక ఆ కుర్రాడు కొద్దిరోజులకే వెళ్ళిపోయాడు. అతని పేరు జేమ్స్ జాయిస్. ఇది చదివిన ఆదివారమే శాండీమౌంట్‌కి పోయాను. సముద్రం వెనక్కి తగ్గి, కనుచూపు మేర తడి ఇసుక. డబ్లిన్‌లో నేను సొంతంగా, ఏ పనీ లేకుండా వెళ్ళిన మొదటి చోటు అదే.

అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం ఒక చోటికి పోవడం అలవాటైంది. డబ్లిన్ కాజిల్‌కి టూరిస్టులా అంతకుముందే పోయున్నాను. ఈసారి కిటికీలు చూడటానికి పోయాను. మార్గరెట్ 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ పెట్టింది. ఆడవాళ్ళకి ఓటు కావాలన్నది వాళ్ళ కోరిక. 1910లో లండన్‌లో రాళ్ళు విసిరి హాలోవే జైల్లో నెలరోజులుంది. 1913 జనవరిలో ఈ డబ్లిన్ కాజిల్ కిటికీ అద్దాలే పగలగొట్టి టల్లమోర్ జైలుకి పోయింది. అక్కడ తమని రాజకీయ ఖైదీలుగా చూడాలని నిరాహారదీక్ష చేసింది. మా కథలోని పెద్దింటి దొరసాని, హార్మోనియం ముందు కూర్చుని నెమ్మదిగా పాడే మనిషి, ఆ గోడల ముందు నిలబడితే ఒక్కసారిగా మాయమైపోయింది.

1915లో అనీబిసెంట్ పిలిస్తే ఇద్దరూ మద్రాసు వచ్చారు. ‘న్యూ ఇండియా’ పత్రికలో జేమ్స్‌కి ఉద్యోగం. అంటే వాళ్ళదీ ఒకరకంగా నాలాంటి రాకే. పని ఉందన్నారు, వచ్చారు. ఏడాది తిరక్కుండానే ఆ ఉద్యోగం పోయింది. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దానికి పెద్దాఫీసుగా నిలిచిన ఓకానెల్ వీధి పోస్టాఫీసు స్తంభాల మీద గుండ్ల గుర్తులు ఇప్పటికీ వేలితో తడిమి చూడొచ్చు. మరణశిక్ష పడినవాళ్ళలో జేమ్స్ ఎరిగిన కవులున్నారు. హన్నా భర్త ఫ్రాన్సిస్‌ది ఆయుధం పట్టని మనిషి, లూటీలు ఆపడానికి వీధిలోకి పోయాడు. అతన్నీ సైనికులు విచారణ లేకుండా కాల్చేశారు. జేమ్స్ ఆ తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ ‘న్యూ ఇండియా’లో రాశాడు. అప్పటికే ప్రభుత్వం కన్ను ఆ పత్రిక మీదుంది. బిసెంట్ ఆయన్ని వదులుకోవాల్సి వచ్చింది.

అప్పుడు దొరికింది మదనపల్లె. దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు అక్కడ 1915లో పెట్టిన కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పని. 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో, కడప నుంచి విడిపోయి వచ్చి చేరిన తాలూకా ఊరు. డబ్లిన్‌లో వేసిన కాల్పుల దెబ్బ ఒకాయన్ని ఎగరేసి మా అమ్మమ్మగారి ఊర్లో పడేసిందంటే నాకు నవ్వూ వచ్చింది, ఏదో గర్వం కూడా వచ్చింది.

ఇక తాత కథ దగ్గరికి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ దక్షిణాది ప్రయాణంలో బెంగళూరు నుంచి మదనపల్లె వచ్చి కొన్నిరోజులు ఉన్నాడు. ఒక సాయంత్రం విద్యార్థుల పాటల కూటంలో జనగణమన పాడాడు. పల్లవికి పిల్లలు గొంతు కలిపారు. ఆ రోజుల్లోనే దాన్ని ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చి 28 ఫిబ్రవరి 1919 అని తేదీ వేశాడు. ఇంతవరకూ మా ఊరి కథ నిజమే. బాణీ దగ్గరే చిక్కు. ఆ పాటని 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సభలో పాడారు. అప్పటికి మార్గరెట్ ఇండియా ముఖం కూడా చూడలేదు. బాణీ ఠాగూర్‌ది. ఆమె చేసింది, ఆయన పాడుతుంటే విని, తనకొచ్చిన పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాయడం. తనది కాని భాష, తనది కాని రాగం. కాగితం మీద తప్పుల్లేకుండా పెట్టాలంటే ఎన్నిసార్లు పాడించుకుని వినాలి! నాకేమో బస్సు మీది రెండు మాటలకి అర్థం కనుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది.

నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం మా కథలో లేని భాగం. 1917లో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలైంది, మార్గరెట్ దాని స్థాపకుల్లో ఒకరు. ఆ ఏడాదే భారత వ్యవహారాల మంత్రి మాంటేగు సంస్కరణల గురించి అభిప్రాయాలు వినడానికి వస్తున్నాడు. ఆడపిల్లల చదువు గురించి అడుగుదామని ఆమె అర్జీ పెడితే, రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబొచ్చింది. సరే, రాజకీయమే అడుగుదామని ఓటుహక్కు చేర్చారు. 18 డిసెంబరు 1917న సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల బృందం మద్రాసులో మాంటేగుని కలిసింది. ముందు నడిచింది సరోజిని, తెరవెనక ఉత్తరాలు నడిపింది మార్గరెట్. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనమండళ్ళకి వదిలేసింది. బ్రిటిష్ ఇండియాలో అందరికంటే ముందు, 1921లో, మద్రాసు మండలి స్త్రీలకి ఓటు ఒప్పుకుంది. ఆస్తీ పన్నూ ఉన్నవాళ్ళకే గనక ఓటొచ్చిన ఆడవాళ్ళు తక్కువే. అయినా ఆ మద్రాసు రాష్ట్రంలోనే మా చిత్తూరు జిల్లా ఉంది. ఆమె సొంత దేశంలో 21 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళందరికీ ఓటు వచ్చింది 1922లో.

తర్వాత ఆమె మద్రాసు సైదాపేటలో గౌరవ మెజిస్ట్రేటు అయింది. ఈ దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ ఆమేనంటారు. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడంలోనూ ఆమె చెయ్యుంది. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులకి ఎదురు మాట్లాడి, మంచి నడవడికకి పూచీ ఇవ్వనంది. ఏడాది శిక్ష వేసి వేలూరు జైలుకి పంపారు. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటలో దిగే ఊరు, మా ఇళ్ళల్లో ఎవరికి పెద్దజబ్బు చేసినా పోయే ఊరు. హాలోవే, టల్లమోర్, వేలూరు. మూడు దేశాల జైళ్ళలో ఒకే మనిషి. ముగ్గురు జైలర్లూ ఒకే రాజు కొలువువాళ్ళు.

వాళ్ళు మళ్ళీ ఐర్లాండులో కాపురం పెట్టలేదు. 1943లో మార్గరెట్‌కి పక్షవాతం వచ్చింది. 1954లో ఆమె, రెండేళ్ళకి జేమ్స్, ఈ దేశంలోనే కన్నుమూశారు.

నా తొమ్మిదో నెలలో, తాత అడిగిన పని మిగిలుందని బాయిల్‌కి పోయాను. డబ్లిన్ కానలీ స్టేషన్లో స్లైగో రైలెక్కితే రెండున్నర గంటలు. చిన్న ఊరు, ఒక ఏరు, పాడుబడిన పన్నెండో శతాబ్దపు మఠం, చుట్టూ పచ్చిక. టీ అంగడిలో ఒక పెద్దావిడ ఏ ఊరు బాబూ అన్నట్టు పలకరించింది. మదనపల్లె అని చెప్పి, ఎందుకొచ్చానో చెప్పాను. ఆమె మార్గరెట్ పేరు వినుంది, ఓట్ల కోసం పోరాడిందనీ తెలుసు. జనగణమన సంగతి తెలీదు. నాకు పాట సంగతి తెలుసు, ఓటు సంగతి తెలీదు. ఇద్దరం చెరి సగం చెప్పుకున్నాం. లేచే ముందు, “ఆ పాట ఎలా ఉంటుంది?” అని అడిగింది. అంగట్లో ఇంకెవరూ లేరు. నిలబడి, గొంతు తగ్గించి, మొదటి రెండు పాదాలు పాడాను.

ఊరికి వచ్చాక తాతకి అంతా చెప్పాను. బాణీ ఆమెది కాదన్న దగ్గర ముఖం చిన్నబుచ్చుకున్నాడు. జైలు సంగతి రెండోసారి చెప్పించుకున్నాడు. కాసేపుండి, “బాణీ ఎవరిదైతేనేమిలే, రాసుకునింది మా కాలేజీలోనే కదా” అన్నాడు.

కాదనలేదు.