ఎఱ్ఱకణపు పైపొరయు గుండె జబ్బును



రక్తమును జూచి రోగమును దెలిసికొనవలెనను కోరిక మానవునకు నేటిది కాదు. కాని చూచుట యొకటి, చూచినదానిని సరిగా గ్రహించుట మఱియొకటి. రక్తమిచ్చు సూచనను తప్పుగా గ్రహించి వైద్యులు పూర్వము రోగులకు చేసిన కీడు కొంచెము కాదు.

దేహమున రక్తము, కఫము, పచ్చపిత్తము, నల్లపిత్తము అను నాలుగు రసములు కలవనియు, వాని సామ్యము చెడుటయే రోగమనియు ప్రాచీన గ్రీకు వైద్యులు బోధించిరి. ఆ మతము ననుసరించి యూరపు వైద్యులు రోగి రక్తమును గిన్నెలో పట్టి నిలువయుంచి, పైని మీగడవంటి తెల్లని పొర కట్టినచో తాపము హెచ్చినదని తలచి మఱల రక్తము తీయుచుండిరి. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టను 1799 డిసెంబరు 14వ తేదీన గొంతువాపుతో బాధపడుచుండగా ఒక్క దినముననే పలుమాఱులు రక్తము తీసిరి. ఆ రాత్రియే ఆయన మరణించెను. 1835లో పారిసు వైద్యుడు పియర్ లూయీ రోగులను లెక్కించి చూచి, ఊపిరితిత్తుల వాపునందు ఈ చికిత్సవలన కలుగు మేలు అత్యల్పమని చూపెను.

ఇంతకు పూర్వమే హాలెండు దేశమున మఱియొక మార్గము తెఱవబడియుండెను. డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు ఆంటనీ వాన్ లీవెన్‌హుక్, తాను స్వయముగా చేసికొన్న సూక్ష్మదర్శినితో 1674లో తన రక్తమునే పరీక్షించి ఎఱ్ఱకణములను వర్ణించెను. తాను జబ్బుపడినపుడు అవి బిరుసుగను, కోలుకొన్నపుడు మెత్తగను ఉండెనని ఆయన వ్రాసెను. ఆ మాట విలువ లోకమునకు తెలియుటకు చాల కాలము పట్టినది.

మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో ఎఱ్ఱకణపు వెడల్పు అందు 7 లేక 8 భాగములు. కేశనాళికలలో కొన్ని 5 భాగములకు మించవు. కావున కణము తన పొరను మడచుకొని, సాగి, దూరిపోవలసియుండును. అది జీవించు సుమారు 120 దినములును ఇదియే దాని పని. పొర మెత్తగా నున్నంతకాలము రక్తము సుఖముగా ప్రవహించును.

ఆ పొరకు మఱియొక గుణము కలదు. దానిమీద సియాలిక్ ఆమ్లమను పదార్థముండుటచేత ప్రతి కణమును ఋణవిద్యుత్తు కలిగియుండును. అందుచే కణములు ఒకదాని నొకటి దూరముగా నెట్టుకొనును. స్వీడను దేశీయుడు రాబిన్ ఫోరేయస్ 1921లో ప్రకటించిన గ్రంథమున, రక్తమందలి ఫైబ్రినోజెన్ వంటి మాంసకృత్తులు హెచ్చినపుడు కణములు నాణెముల దొంతరవలె అంటుకొని త్వరగా అడుగునకు దిగునని వివరించెను. బురదనీటిలో చిల్లగింజ నరగదీసినచో మట్టిరేణువులు గుమిగూడి త్వరగా దిగుట మీరెఱుగుదురు గదా! ఇదియు దాదాపట్టిదే. గిన్నెలో నాడు కట్టిన తెల్లని పొర ఇట్లు కణములు త్వరగా దిగుటచే పైని మిగిలినదే. గ్రీకుల నాలుగు రసముల ఊహయు నిలువయుంచిన రక్తమును చూచుటవలననే పుట్టియుండునని ఫోరేయస్ అభిప్రాయపడెను. నేడు గాజుగొట్టమున గంటసేపు రక్తము నిలిపి కొలుచు ఇ.ఎస్.ఆర్. పరీక్షకు ఈ పరిశోధనయు ఒక మూలము.

ఇక గుండెకు దీనితో నేమి సంబంధము? మధుమేహమున చక్కెర కణపు పొరలోని మాంసకృత్తులకు అంటుకొనుటచే పొర బిరుసెక్కును. పొగాకు త్రాగువారి రక్తమున ఫైబ్రినోజెన్ హెచ్చును. దెబ్బతిన్న కణమున, లోపలివైపున నుండవలసిన ఒక క్రొవ్వుపదార్థము పైకి వచ్చి రక్తము గడ్డకట్టుటకు తోడ్పడును. ధమనిగోడలో పేరుకొన్న క్రొవ్వుగడ్డలోనికి రక్తము స్రవించినపుడు, చచ్చిన ఎఱ్ఱకణముల పొరలలోని కొలెస్టరాలు ఆ గడ్డను మఱింత పెంచునని 2003లో ప్రకటింపబడిన పరిశోధన సూచించినది. నార్వే, ఐస్‌లాండ్ దేశములలో అనేకులను ఏండ్ల తరబడి పరిశీలించగా, ఇ.ఎస్.ఆర్. అధికముగా నున్నవారిలో గుండె జబ్బు కొంత హెచ్చుగా కనిపించినది.

అట్లని ఆ అంకెయే జబ్బని భ్రమపడరాదు. క్షయ, కీళ్లవాపు, రక్తహీనత, వృద్ధాప్యము, గర్భము మొదలగువానియందును అది పెరుగును. అది సాక్షియే కాని దోషి కాదు. దోషులు వేఱు: పొగాకు, అదుపు తప్పిన చక్కెర, రక్తపుపోటు, రక్తమందలి చెడుక్రొవ్వు. సాక్షిని దండించినంత మాత్రమున దొంగ దొరకడు. పూర్వము రక్తము తీసినవారు చేసినదిదియే.

కావున రక్తమును శుద్ధిచేయుదుమని, పలుచన చేయుదుమని చెప్పి మందులమ్ముకొనువారి మాటలు నమ్మి, వైద్యుని సలహాలేక వానిని వాడకుడు. రొమ్మునొప్పి, ఆయాసము, చెమట కలిగినచో రక్తపరీక్ష కాగితమునకై కాచుకొనక వెంటనే ఆసుపత్రికి పొండు. చుట్ట మానుడు; చక్కెరను, రక్తపుపోటును కొలిపించుకొని అదుపున నుంచుకొనుడు. లీవెన్‌హుక్ తన రక్తమున చూచిన మెత్తదనమును కాపాడుకొనుటకు నేడు మనచేత నున్న ఉపాయములివియే.