ఘుణాక్షరములు



శాస్త్రములలో ఘుణాక్షరన్యాయమని యొకటి గలదు. ఘుణమనగా కొయ్యను దొలుచు పురుగు. అది ఆకలికై దొలుచుకొనిపోగా నేర్పడిన గీత యొక్కొక్కచో అక్షరమువలె నగపడును. తలపెట్టని పని యాదృచ్ఛికముగా సమకూడినప్పుడు పండితులీ న్యాయమును జెప్పుదురు. చాలయేండ్లు దీనిని బాలురకు బోధించితిని గాని ఘుణమెట్టిదో నేనెఱుగను. ఉద్యోగము విరమించిన పిదప మా తాతగారి తాళపత్రముల పెట్టెను దీయగా, దాని మూత చేతిలో పిండియై రాలినది. అప్పుడుగాని నాకా పురుగు చరిత్రను దెలిసికొనవలెనను బుద్ధి పుట్టలేదు.

ఆ చరిత్రలో నొక ముఖ్యఘట్టము లండను నగరమున జరిగినది. అందు వెస్ట్‌మినిస్టర్ హాలను ప్రాచీన సభామందిరము గలదు. రెండవ రిచర్డు రాజు 1393లో దానికి క్రొత్తకప్పు నారంభింపజేసెను. హ్యూ హెర్లండ్ అను వడ్రంగి, నడుమ నొక్క స్తంభమైనను లేకుండ, సుమారు 68 అడుగుల వెడల్పున ఓకు దూలములతో దానిని నిలిపెను. ఐదువందల యేండ్లు గడచిన పిదప, 1914లో ఫ్రాంక్ బెయిన్స్ అను వాస్తుశిల్పి దానిని బరీక్షించి, దూలములు పెక్కులు లోన గుల్లలైనవని నివేదించెను.

ఆ పని చేసినది డెత్‌వాచ్ అను పెంకుపురుగు. అది వసంతకాలమున జతను బిలుచుటకై తలతో కొయ్యను టకటక గొట్టును. రాత్రులందు రోగి చెంత మేలుకొనియున్నవారికి ఆ చప్పుడు వినబడుటచే, అచటి జనులు దానిని చావునకు సూచనగా దలచిరి. బల్లిపలుకునకు వెఱచు మనము వారిని నవ్వ నర్హులము గాము. ఆ చప్పుడు నిజముగా దెలిపినది దూలమునకు రానున్న చేటు, దానినెవ్వరును గ్రహింపరైరి.

బెయిన్స్ పాత దూలములను సాధ్యమైనంతవఱకు నిలుపుకొని, వానికి మరుగుగా నుక్కుచట్రముల నమర్చెను. 1923 నాటికి పని ముగిసెను. పురుగునకు మందు గనిపెట్టు భారము హెరాల్డ్ మాక్స్‌వెల్ లెఫ్రాయ్‌పై బడెను. ఈయన మనదేశమునకు గ్రొత్తవాడు గాడు. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమున కీటకశాస్త్రజ్ఞుడుగా నుండి, 1909లో భారతదేశపు కీటకములపై బృహద్గ్రంథమును బ్రకటించినవాడు. ఆ మందునుండియే 1925లో రెంటోకిల్ అను సంస్థ పుట్టినది. ఆ యేడే అక్టోబరులో లెఫ్రాయ్ తన ప్రయోగశాలలో విషవాయువును బరీక్షించుచు స్పృహదప్పి, కొలది దినములలో మరణించెను. పురుగును జంపునది మనుష్యునిగూడ జంపగలదు. కావున మూసిన గదిలో మందు పూయరాదు. విషవాయువు పెట్టుట నేర్పరుల పని.

ఇక మన యిండ్ల మాట. కొయ్యను దినునది పెంకుపురుగు గాదు, దాని పిల్లపురుగు. అది యేండ్లతరబడి లోన దాగియుండి, పెద్దదై రంధ్రము చేసికొని వెలికి వచ్చును. డెత్‌వాచ్ రంధ్రము సుమారు 3 మిల్లీమీటర్లు. మేజాలు, కుర్చీలు దొలుచు వేఱొక జాతి రంధ్రము 2 మిల్లీమీటర్లకు మించదు. గోధుమపిండివలె మెత్తని పొడి రాలినచో, అది చేవలేని తెల్లకొయ్యనుండు పిండిపదార్థమునకై వచ్చు పురుగు. వెదుళ్లకును దీని బాధ గలదు. వెదుళ్లను నీట నానవేయు మన పెద్దల యాచారము ఆ పిండిపదార్థమును దగ్గించుటచే సార్థకమైనది.

పాతరంధ్రమంతయు అపాయము గాదు. నేలను దుడిచి, క్రింద కాగితము పఱచి చూడుడు. మరల క్రొత్తపొడి రాలినచో పురుగు సజీవముగా నున్నదని యర్థము. అప్పుడు ముందు మందుసీసా వెదకక, కప్పున నీరు దిగుచోటు వెదకుడు. ఓకు దూలములలో డెత్‌వాచ్‌నకు తావిచ్చునది చెమ్మచే మెత్తబడిన కొయ్యయే. చెమ్మను మాన్పి, గాలి సోకనిచ్చి, పుచ్చిన ముక్కను వేఱుచేసి, పిదప మందు పూయింపుడు.

మా తాతగారి పెట్టె నేనుంచినది కారుచున్న గోడ ప్రక్కన. పత్రములు కొన్ని దక్కినవి, కొన్ని దక్కలేదు. ఘుణము వ్రాయవలెనని వ్రాయదు, నిజమే. అయినను ఆ వ్రాతను నేను సకాలమున జదువనైతిని. మీరు చదువుదురుగాక!