తెరమీది నాయిక – ఆమె వేషము

వీడియో ఆటలను గురించి రేడియోలో ప్రసంగమేమిటని కొందరు పెద్దలకు తోచవచ్చును. అవి పిల్లల కాలక్షేపమని మనము తలచుచుండగానే వాటికి అర్ధశతాబ్దికి మించిన చరిత్ర ఏర్పడినది. యంత్రముల కథను ఆ విద్య తెలిసినవారు పలువురు వ్రాసినారు. మేము ఇచ్చట ఒక్క విషయమునే ఎత్తుకొంటున్నాము. ఆ ఆటలలో స్త్రీపాత్ర ధరించిన వేషమును ఎవరు నిర్ణయించినారు? ఎవరి కన్నుల కొరకు నిర్ణయించినారు?

తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించేవాడు తెర వెనుక ఉంటాడు. చూచేవారు తెర ముందు కూర్చుంటారు. వీడియో ఆటలో ఈ రెండు పనులూ ఒక్కరివే. ఆడించేవాడే చూచేవాడు. కనుక ఇచ్చట నాయిక అతని చేతిలోని కీలుబొమ్మయే కాదు, అతని కంటి యెదుట నిరంతరము కదలాడే రూపము కూడా. ఆ చూచేవాడు తప్పక యువకుడే అయి ఉంటాడని తయారుచేసేవారు మొదటనే అనుకొన్నారు. తక్కినదంతయు ఆ ఊహనుండి పుట్టినదే.

1980లో జపానులోని నామ్‌కో సంస్థ ‘పాక్-మాన్’ అనే ఆటను విడుదల చేసినది. దానిని రూపొందించిన తోరు ఇవతాని, ఆటశాలలు మగవారి అడ్డాలుగా ఉన్నవనియు, స్త్రీలు కూడా రావలెనని తాను అట్టి ఆటను తలపెట్టితిననియు చెప్పినాడు. ఉద్దేశము మంచిదే. 1982లో అమెరికాలో ‘మిస్ పాక్-మాన్’ వచ్చినది. పాక్-మాన్‌కు నోరు తప్ప వేరొక అవయవము లేదు. ఒక పసుపుపచ్చని బిళ్ల, అంతే. అతని జోడుకు మాత్రము తలపై ఎఱ్ఱని రిబ్బను, పెదవులకు రంగు, బుగ్గపై పుట్టుమచ్చ చేరినవి. మగ బిళ్ల వట్టి బిళ్లగా ఉండవచ్చును గాని, ఆడ బిళ్ల అలంకరించుకొనక తప్పదన్నమాట! ఇది నవ్వుకొని విడిచిపెట్టదగిన సంగతియే. అదే సంవత్సరము అమెరికాలో మరొక ఆట వచ్చినది. కట్టివేయబడిన ఒక ఆదివాసి స్త్రీపై బలాత్కారము చేయుటయే అందులో ఆటగానికి గెలుపు. న్యూయార్కులో స్త్రీల సంఘములవారు, ఆదివాసి సంఘములవారు దానిని నిరసించినారు. ఆ ఆట పేరును మేము ఇచ్చట చెప్పదలచుకొనలేదు.

1986లో నింటెండో సంస్థ వెలువరించిన ‘మెట్రాయిడ్’ చరిత్ర విచిత్రమైనది. అందులోని వీరుడు శిరస్సునుండి పాదముల వరకు కవచము తొడిగి, అన్యగ్రహపు గుహలలో ఒంటరిగా పోరాడుతాడు. ఆంగ్ల వివరణ పుస్తకము కూడా ఆ యోధుని పురుషునిగానే పేర్కొన్నది. ఆట ముగిసిన తరువాత తెలియవచ్చేదేమనగా, ఆ యోధుడు సామస్ అనే స్త్రీ! ఇంతవరకు విన్నవారు ఇది స్త్రీకి దక్కిన గౌరవమని సంతోషించవచ్చును. మేమును మొదట అట్లే సంతోషించినాము. కాని ఆ రహస్యము బయటపడే తీరు చూడండి. నెమ్మదిగా ఆడి, పది గంటలు దాటించినవానికి కవచమే కనబడుతుంది. అయిదు గంటల లోపల ముగించినవానికి శిరస్త్రాణము తొలగి ముఖము కనబడుతుంది. మూడు గంటల లోపల అయితే కవచమే తొలగుతుంది. ఒక్క గంటలో ముగించిన ప్రవీణునికి ఆమె స్నానపు దుస్తులలో దర్శనమిస్తుంది. ఒంటరిగా పోరాడిన వీరనారి శరీరము, ఆమెను ఆడించినవానికి బహుమానమైనది. ఆమె పరాక్రమమంతయు ఆమెది కాదు, అతని వేళ్ల నేర్పు. ఆ నేర్పుకు కూలి ఆమె వస్త్రము. ఈ చరిత్రలో తరువాత వచ్చినదంతయు ఈ ముగింపులో బీజరూపమున ఉన్నదని మా అభిప్రాయము.

ఇక లారా క్రాఫ్ట్ కథ. ఇంగ్లండులోని డెర్బీ పట్టణములో కోర్ డిజైన్ అనే చిన్న సంస్థ ఉండేది. అందులో టోబీ గార్డ్ అనే యువ చిత్రకారుడు పాడుపడిన సమాధులలో నిధులు వెదకే సాహసికుని కథను తలపెట్టినాడు. మొదటి రూపములో నాయకుడు పురుషుడే. అతడు సినిమాలలోని ఇండియానా జోన్స్‌ను మరీ పోలి ఉన్నాడని సంకోచము కలుగగా, గార్డ్ నాయకుని స్థానములో నాయికను నిలిపినాడు. లారా క్రూజ్ అనే తొలి పేరు పోయి లారా క్రాఫ్ట్ అయినది. 1996లో ‘టూంబ్ రైడర్’ విడుదలై దేశదేశములలో అమ్ముడుపోయినది. చదువుకొన్నది, ధైర్యము గలది, ఎవరి రక్షణయు కోరనిది, గోడలెక్కి అగాధములు దాటి తోడేళ్లతో పోరాడేది అయిన ఒక స్త్రీ ఆటకంతటికీ కేంద్రమై నిలిచినది. ఆమెను చూచి ఆటలకు అలవాటుపడిన బాలికలు ఎందరో ఉన్నారు. ఈ మాట చెప్పకుండా తప్పులు మాత్రమే ఎన్నుట న్యాయము కాదు.

అయితే ఆమె రొమ్ములను అతిగా పెంచి చిత్రించినారు. కొలతలు సవరించుచుండగా చెయ్యి జారి ఆ రూపము వచ్చినదనియు, తోడివారు దానినే ఉంచుమన్నారనియు ఒక కథ ప్రచారములో ఉన్నది. ఎట్లు వచ్చినదనేదానికన్న ఎట్లు నిలిచినదనేది ముఖ్యము. ఆటలో ఆమె తొడిగినది పొట్టి లాగు, చేతులు లేని చొక్కా. ఎగిరి దూకేవారికి అవి కొంతవరకు తగినవే. ప్రకటనల సంగతి వేరు. అమ్మకపు బాధ్యత వహించిన ఐడాస్ సంస్థవారు ఆమెను స్నానపు దుస్తులలోను, విందు గౌనులలోను చిత్రించి పత్రికలకు పంపినారు. ఆమె వేషము వేసి సభలలో నిలుచుటకు సుందరులైన యువతులను వరుసగా నియమించినారు. 1997లో లండను పత్రిక ‘ది ఫేస్’ ముఖచిత్రముపై, లేని మనిషి అయిన లారా నిలిచినది. అదే ఏడు గార్డ్ ఆ సంస్థను విడిచిపోయినాడు. తాను కల్పించిన పాత్రను వ్యాపారము మలచుచున్న తీరు అతనికి రుచించకపోవుట అందుకు ఒక కారణము.

ఆమె దుస్తులను తొలగించే రహస్య మీటలు ఉన్నవని ఆ రోజులలో ఒక పుకారు లోకమంతా వ్యాపించినది. అటువంటివేవీ ఆటలో లేవు. 1997 చివర వచ్చిన రెండవ ఆట ముగింపులో లారా స్నానమునకు పోతూ, తన అంగీ ముడిపై చెయ్యి వేసి, హఠాత్తుగా తెర వైపు తిరుగుతుంది. ఇప్పటికి చూచినది చాలదా అని ఆటగానినే నిలదీసి, తుపాకి పేల్చుతుంది. తెర చీకటియైపోతుంది. ఇది పరిహాసమే. కాని ఆటగాడు ఏమి ఆశించి అంతవరకు వచ్చినాడో తయారుచేసినవారికి స్పష్టముగా తెలుసుననుటకు ఇంతకన్న సాక్ష్యము వేరే అక్కరలేదు.

అప్పటి యంత్రములకు శక్తి చాలదు, స్త్రీయని గుర్తింపజేయుటకు అవయవములను పెద్దవిగా చిత్రింపక తప్పలేదు అని ఒక సమాధానము వినబడుతూ ఉంటుంది. ఆ సమాధానము మాకు మింగుడు పడలేదు. శక్తి పెరిగిన తరువాత ఏమి చేసినారో చూడవలెను. టెక్మో సంస్థ ‘డెడ్ ఆర్ అలైవ్’ అనే ద్వంద్వయుద్ధపు ఆటను 1996లోనే ఆరంభించినది. 2003లో అందలి యోధురాండ్రను పోరు మాన్పించి, ఒక ద్వీపమునకు తరలించి, స్నానపు దుస్తులతో వాలీబాలు ఆడించినది. కొత్త యంత్రపు గణితశక్తి ఆ శరీరముల కదలికకే ధారాళముగా వెచ్చింపబడినది.

మరొక సమాధానము కథ చాటున దాగుతుంది. 2015లో వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’ అయిదవ ఆటలో క్వైయట్ అనే గురిపెట్టి కాల్చే యోధురాలు ఉన్నది. యుద్ధభూమిలో ఆమె దాదాపు వివస్త్ర. ఆమె చర్మముతోనే శ్వాసించుచున్నదనియు, నిండుగా బట్ట కట్టిన ఊపిరాడదనియు కథ చెప్పుతుంది. ఆ కారణము తెలిసిననాడు విమర్శకులు తమ మాటలకు తామే సిగ్గుపడుదురని దర్శకుడు హిదియో కోజిమా విడుదలకు ముందే అన్నాడు. విమర్శకులు సిగ్గుపడలేదు. ఆ వరుసలోనే 2004లో వచ్చిన ఆటలో, ఎండనుండి శక్తి గ్రహించే ఒక వృద్ధ యోధుడు ఉన్నాడు. అతడు నిండుగా బట్టలు తొడిగియే ఉన్నాడు! ఎండ ముదుసలి మగవానికి బట్టలోనుండి కూడా చొచ్చుకొనిపోగలదు కాబోలు.

వీటిని ప్రశ్నించినవారికి దక్కిన మర్యాద మరొక అధ్యాయము. అనీటా సర్కీసియన్ అనే విమర్శకురాలు 2013 మొదలుకొని ఆటలలో స్త్రీచిత్రణను గురించి వరుసగా విమర్శలను చిత్రరూపమున వెలువరించినది. ఆమె ఆటలను నిషేధింపుమనలేదు, ఇష్టపడుతూనే ప్రశ్నింపవచ్చుననినది. ఆమెకు చంపుదుమన్న బెదరింపులు వచ్చినవి. 2014 అక్టోబరులో అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయములో ఆమె ప్రసంగింపవలసి ఉండగా, సభలో సామూహికముగా కాల్పులు జరుపుదుమని లేఖ వచ్చినది. అనుమతి గలవారు ఆయుధములతో లోనికి వచ్చుటను ఆ రాష్ట్ర చట్టము ప్రకారము ఆపజాలమని అధికారులు తెలుపగా, ఆమె ప్రసంగము మానుకొన్నది. బొమ్మల బట్టలను గురించిన మాటకు ప్రాణముగల మనిషి ప్రాణభయము పడవలసివచ్చినది.

ఆటగాడు యువకుడే అనే పాత ఊహ అప్పటికే కూలిపోయినది. అమెరికాలో ఆటలాడేవారిలో స్త్రీలు 45 శాతమని పరిశ్రమవారి సంఘమే 2013లో లెక్క చెప్పినది. ఆ సంవత్సరమే లారా మరల పుట్టినది. క్రిస్టల్ డైనమిక్స్ సంస్థ రూపొందించిన కొత్త ‘టూంబ్ రైడర్’కు రియానా ప్రాచెట్ అనే రచయిత్రి ప్రధానముగా కథ కూర్చినది. అందు లారా నిండు లాగు తొడిగిన సామాన్య దేహముగల యువతి; చలికి వణకుతుంది, గాయమునకు కట్టు కట్టుకొంటుంది. ఆమె ఒంటిపై గాయములు మరీ ఎక్కువైనవని ఆక్షేపించినవారును ఉన్నారు. ఆ ఆక్షేపణలో మాకు కొంత న్యాయము కనబడుతున్నది. ఆట మాత్రము లక్షల సంఖ్యలో అమ్ముడుపోయినది. అట్లని వివాదము ముగియలేదు. 2024లో దక్షిణ కొరియావారి ‘స్టెల్లార్ బ్లేడ్’ విడుదలైనపుడు, నాయిక దుస్తులలో కొన్నింటిని కొంచెము కప్పినారని ఆటగాండ్రే అర్జీ పెట్టినారు.

2016లో ‘ఓవర్‌వాచ్’ అనే ఆట విడుదలకు ముందు మరొక చిన్న సంఘటన జరిగినది. అందు ట్రేసర్ అనే చలాకీ యోధురాలు, గెలిచిన పిమ్మట తన వెనుక భాగమును చూపుతూ భుజము మీదుగా తిరిగి చూచే భంగిమ ఒకటి ఉండేది. ఒక ఆటగాడు, తన చిన్న కుమార్తెకు నచ్చిన పాత్ర అది కనుక, ఆ భంగిమ ఆమె స్వభావమునకు పొసగదని మర్యాదగా వ్రాసినాడు. తయారుచేసినవారు ఒప్పుకొని దానిని తొలగించినారు. వెంటనే కొత్త భంగిమ తెచ్చినారు. అందు ట్రేసర్ ముఖమున కొంటె నవ్వు ఉన్నది, నిలుచుటలో ఆమె చలాకీతనము ఉన్నది. చూచినవారు ఎక్కడో చూచిన బొమ్మవలె ఉన్నదని వెదకి పట్టుకొన్నారు: అది వెనుకటి తరములో అమెరికన్ చిత్రకారుడు బిల్లీ డెవోర్స్, మగవారు గోడకు తగిలించుకొనుటకు వేసిన సుందరీ చిత్రములలో ఒకదానిని పోలి ఉన్నది.