తొక్కితేనే రికార్డు!

2005 జులై 1. హైదరాబాద్. వానాకాలం రోజులు. ఎదురుగా ఓ మూడు చక్రాల సైకిలు. చూడాలంటే తలెత్తాలి. ఇంకా ఎత్తాలి. మెడ పట్టేసేదాకా ఎత్తాలి. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. పొడవు 37 అడుగుల 4 అంగుళాలు. కట్టినాయన కన్యబోయిన సుధాకర్. కట్టి నిలబెడితే గిన్నిస్ వాళ్లకు సరిపోదు. ఇంత ఇనుమూ పెడల్ తొక్కితే కదలాలి!

ఈ పిచ్చి ఆయనకు నిన్న మొన్న పట్టింది కాదు. బడికెళ్లే వయసులోనే అంటుకుంది. పాత సామాన్ల దుకాణాల్లో తుక్కు తిరగేయడం, తుప్పు రాలుతున్న గుట్టలోంచి పనికొచ్చే గొట్టమో చక్రమో ఏరుకోవడం, తెచ్చి కోసి, వంచి, వెల్డింగ్ పెట్టి ఏదో ఒక వింత బండిని రోడ్డెక్కించడం... పెద్దయ్యాకా ఇదే వరస. అప్పటిదాకా చేసినవన్నీ నడిచాయి. మరి ఇది?

చిన్న బండి చేయడం వేరు. 1952లో లండన్‌లో జాక్ ఓడెల్ అనే ఇంజినీర్ కూతురు చదివే బడిలో ఓ నియమం ఉండేది: అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే తేవాలి. ఆయన బుల్లి ఇత్తడి రోడ్డు రోలర్ చేసిచ్చాడు. మ్యాచ్‌బాక్స్ కార్లు అలా పుట్టాయి. 1:64 కొలతలో ఉండే అలాంటి కార్ల అడుగున రివెట్లు డ్రిల్‌తో తొలిచి, పాత రంగు గీకి, కొత్త చక్రాలు తొడిగే కుర్రాళ్లు ఇప్పుడూ ఉన్నారు. కొలత తగ్గేకొద్దీ బండి తన బరువును తేలిగ్గా మోస్తుంది. పెంచితేనే లెక్క ఎదురు తిరుగుతుంది.

ఎలాగంటే, సైకిలును అన్ని వైపులా ఏడు రెట్లు పెంచామనుకోండి. బరువు ఏడు రెట్లతో ఆగదు. ఏడేళ్ల నలభై తొమ్మిది, దాన్ని మళ్లీ ఏడుతో హెచ్చిస్తే 343 రెట్లు! ఆ బరువు మోసే గొట్టం అడ్డుకోత మాత్రం 49 రెట్లే పెరుగుతుంది. సుధాకర్ బండి చక్రం వ్యాసం 17 అడుగులు. మామూలు సైకిలు చక్రానికి ఏడు రెట్ల పైమాటే. ఎక్కడో ఒక అతుకు ఊడితే?

పెడల్ మీద కాలు పడింది. బరువంతా ఆ కాలి మీదే. అడుగున కదిలిన అంగుళం పైన జానెడు ఊపు అవుతుంది. పైన గాలి తోస్తుంటే, కింద ఇనుము తన బరువుకు తానే మూలుగుతుంటే, ఒక్క చుట్టు పూర్తయితే చాలు నేల మీద 53 అడుగులు దొర్లే ఆ చక్రం, ముందు మొరాయించి, తర్వాత ఒరుసుకుని, చివరికి కదిలింది. బండి నడిచింది. ప్రపంచంలోనే అతి పెద్ద ట్రైసైకిల్‌గా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇక చాలనుకున్నాడా?

అబ్బే! 2010లో బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర, సుధా కార్స్ మ్యూజియం తెరిచాడు. లోపల క్రికెట్ బ్యాట్ కారు. బర్గర్ కారు. కెమెరా కారు. వంకాయ కారు. ఆడవాళ్ల హైహీల్ చెప్పు ఆకారంలో ఇంకోటి. పొగ తాగొద్దని చెప్పడానికి సిగరెట్ ఆకారంలోనూ ఒకటి చేశాడు. ఏదీ అలంకారానికి పెట్టిన బొమ్మ కాదు. ఇంజిన్ ఉంటుంది, స్టీరింగ్ ఉంటుంది, మనిషి కూర్చుని నడపొచ్చు.

మార్కాపురం నుంచో గిద్దలూరు నుంచో పిల్లల్ని జూపార్కుకు తీసుకెళ్తే, ఆ పక్కకూ ఓసారి తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక మూలనున్న పాత సైకిలు విప్పుతామంటారు. విప్పనివ్వండి. తిరిగి బిగించి, అది నడిచేదాకా వాళ్లను వదలొద్దు.