ఉత్తర తెలంగాణలో క్రైస్తవ అంత్యక్రియలు, నిత్య ప్రార్థన

6.0 లక్ష్యం

ఈ భాగం చదివిన తరువాత కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల క్రైస్తవుల నిత్య ప్రార్థనకూ అంత్యక్రియలకూ ఉన్న సంబంధాన్ని మీరు వివరించగలుగుతారు.

6.1 నేపథ్యం

నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ 1880 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో పని ప్రారంభించింది. ఆ దశకంలోనే కరీంనగర్‌కు విస్తరించింది. మతం స్వీకరించిన వారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల కూలీలు. 1947 సెప్టెంబరు 27న మెథడిస్టు, ఆంగ్లికన్ తదితర సంఘాల కలయికతో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. దాని కరీంనగర్ అధ్యక్ష మండలం 1978 నాటిది. ఆదిలాబాద్‌లో సీరో-మలబార్ కథోలిక మేత్రాసనం 1999లో ఏర్పడింది.

6.2 సాయంకాల ప్రార్థన

కూలీలకు పగలు తీరిక లేదు. చాలామందికి చదువు రాదు. అందువల్ల పొద్దుగూకాక పల్లెలో అందరూ కూడేవారు. ఉపదేశి ఒక్కొక్క వాక్యం చెబితే మిగతావారు తిరిగి చెప్పేవారు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, కీర్తనలు ఇలా కంఠస్థమయ్యాయి.

6.3 ఖననం: పాతదీ కొత్తదీ

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. శవాన్ని పూడ్చడం ఈ కులాల్లో చాలామందికి కొత్త కాదు. మార్పు దాని చుట్టూ ఉన్న ఆచారాల్లో వచ్చింది. మూడోనాడు పిట్టకు పెట్టడం వంటి వాటిని మిషనరీలు ఆమోదించలేదు. వాటి స్థానంలో వాక్య పఠనం, ప్రార్థన వచ్చాయి. అయితే చనిపోయినవారిని తలచుకొని బంధువులకు భోజనం పెట్టే అలవాటు పోలేదు. అది జ్ఞాపకార్థ కూడికగా కొనసాగుతోంది.

6.4 రెండింటి కలయిక

ఒక్కో గురువు కింద అనేక గ్రామాలుండేవి. మరణం ఆయన రాక కోసం ఆగదు. అప్పుడు ఉపదేశి గానీ సంఘ పెద్ద గానీ సమాధి దగ్గర ప్రార్థన నడిపేవారు. రోజూ చెప్పుకొనే మాటలే కాబట్టి పుస్తకం లేకుండానే అందరూ గొంతు కలపగలిగేవారు.

దీని ప్రాముఖ్యం వెట్టి వ్యవస్థను గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. ఊరి పెద్దల ఇళ్లలో చావు జరిగితే కబురు మోయడం, డప్పు కొట్టడం, కట్టెలు చేర్చడం ఈ కులాల పని. మంత్రం చెప్పే హక్కు వారిది కాదు. తమ సమాధుల దగ్గర మాత్రం పవిత్ర వాక్యం పలికింది వారే. మతం మార్పుతో వెట్టి పోలేదు, మాల మాదిగల మధ్య భేదాలూ పోలేదు. కానీ తమవారిని సాగనంపే మాట తమ చేతికి వచ్చింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. ఖననంలో మారినవేవి? మారనివేవి?
2. కంఠస్థ ప్రార్థన నిరక్షరాస్యులకు ఏ అధికారాన్ని ఇచ్చింది?