ఘర్మపాత్రలు



మా ఇంటి అద్దాల బీరువాలో పుస్తకాలకని కేటాయించిన పై అరను పదేళ్ళుగా పదకొండు పాత్రలు ఆక్రమించుకొని ఉన్నాయి. కొన్ని ఫ్లాస్కులు, కొన్ని బల్లమీద పెట్టే జగ్గులు, రెండు మంచుముక్కల గిన్నెలు. అన్నీ పాతవే. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుడికి ఇదేమి వ్యసనమని బంధువులు నవ్వుకుంటూ ఉంటారు. మొన్న సంక్రాంతికి వచ్చిన మా మనుమడు వాటిలో ఎర్రపూల ఫ్లాస్కును చేతికి తీసుకొని, మూత విప్పి లోపలికి చూసి, "తాతయ్యా, దీంట్లో అద్దమే లేదుగా! మరి ఎందుకు దాచావు?" అని అడిగాడు. ముప్పైమూడేళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణే గాని, ఆ పూట బదులు తోచలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ ఈ పాత్రల చరిత్రను మొదటినుండి నెమరువేసుకున్నాను. ఈ టపా దాని ఫలితమే.

ముందుగా పేరు సంగతి. 'థర్మాస్' అన్న మాటకు మూలం వేడి అనే అర్థమున్న గ్రీకు పదం. భాషాశాస్త్రజ్ఞులు దానికీ మన సంస్కృత 'ఘర్మ' శబ్దానికీ ఒకే మూలధాతువును చెబుతారు. చెమటను మనం ఘర్మజలమని అనటం అందరికీ తెలిసినదే. వైదిక కర్మలలో ప్రవర్గ్యమని ఒకటి ఉంది. మహావీరమనే మట్టిపాత్రను నిప్పుపై బాగా కాల్చి, అందులో మరిగే నేతిలో పాలు పోసి అశ్వినీదేవతలకు సమర్పిస్తారు. ఆ వేడి పాలకూ, ఆ పాత్రకూ కూడ 'ఘర్మ'మనే పేరు. కనుక మా అరలోని వాటిని ఘర్మపాత్రలని పిలిస్తే వ్యాకరణం తప్పుపట్టదు.

అయితే ఈ పాత్రల కథ వేడితో కాక చలువతో మొదలైంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా సరస్సుల మంచు ఓడలెక్కి దేశాలు తిరిగింది. 1833లో బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన 'టస్కనీ' అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలల ప్రయాణం తరువాత దాదాపు 100 టన్నులు మిగుల్చుకొని కలకత్తా చేరింది. మద్రాసు సముద్రతీరాన 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ వ్యాపారపు గుర్తే. 1897లో వివేకానందులు బస చేసిన భవనం అదే. మంచు ఇంటి బల్లమీదికి వచ్చాక, అతిథి ముందు అది కరగకుండా నిలపటం గృహస్థుని సమస్య అయింది. 1854లో అమెరికాలో స్టింప్సన్ పేరిట రెండు గోడల మంచునీటి కూజాకు పేటెంటు వచ్చింది. గోడకూ గోడకూ నడుమ ఖాళీ ఉంచటమే అందులోని కిటుకు. వెండిపూత పూసి, బరువెత్తకుండా వంచటానికి ఊయల స్టాండు అమర్చిన అటువంటి కూజాలు అక్కడి సంపన్నుల భోజనశాలలకు అలంకారాలయ్యాయి. నేటి సేకర్తలు మక్కువపడే వాటిలో అవీ ఉన్నాయి.

గోడల నడుమ ఉన్న గాలిని కూడ తీసివేసిన మహానుభావుడు స్కాట్లండులో పుట్టిన సర్ జేమ్స్ డ్యూవార్. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వాయువులను అతిశీతల ద్రవాలుగా మార్చే ప్రయోగాలు చేస్తూ, ఆ ద్రవాలు ఆవిరైపోకుండా నిలపటానికి 1892లో ఆయన ఈ పాత్రను రూపొందించారు. వేడి ప్రయాణించే దారులు మూడు: వహనం, సంవహనం, వికిరణం. మొదటి రెండింటికీ ఏదో ఒక పదార్థం వాహనంగా కావాలి. గోడల నడుమ శూన్యమున్నప్పుడు ఆ వాహనం లేదు. మూడవదానికి పదార్థం అక్కరలేదు గనుక, గాజుకు వెండిపూత పూసి దానిని వెనక్కు మళ్ళించారు. ఇక మిగిలింది మూతి దగ్గరి సన్నని దారి ఒక్కటే. 1898లో హైడ్రోజనును ద్రవీకరించటానికి ఆయనకు ఈ పాత్ర తోడ్పడింది. అయితే దీనికి ఆయన పేటెంటు తీసుకోలేదు.

బెర్లిన్‌లో రైన్‌హోల్డ్ బుర్గర్ అనే గాజు పనివాడు ఆ గాజుబుడ్డికి లోహపు కవచం తొడిగి, ఇంట్లోనూ ప్రయాణంలోనూ పనికివచ్చేటట్లు చేసి 1903లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడు 'థర్మాస్' పేరుతో వ్యాపారం మొదలైంది. డ్యూవార్ న్యాయస్థానానికి వెళ్ళినా హక్కు దక్కలేదు. 1907లో ఆ పేరు అమెరికా, ఇంగ్లండు, కెనడా సంస్థలకు అమ్ముడై లోకమంతా పాకింది. విచిత్రమేమంటే, అంతగా పాకటమే ఆ పేరుకు చేటు తెచ్చింది. 1963లో అమెరికా అప్పీలు న్యాయస్థానం ఈ మాట జనం నోట సామాన్య పదమైపోయిందని తేల్చి, పోటీ సంస్థ కూడ కొన్ని షరతులకు లోబడి దానిని వాడుకోవచ్చునని తీర్పు చెప్పింది. మా తరగతి గది భాషలో చెప్పాలంటే సంజ్ఞావాచకం జాతివాచకమైంది. మన వంటింట్లో డాల్డా కూడ ఈ దారినే నడిచింది కదా!

ప్రయాణపు సంచిలోని ఫ్లాస్కు అతిథి ముందు బల్లమీద కూర్చోవటానికి తగిన రూపం దిద్దుకోవలసి వచ్చింది. జర్మనీలో 1914లో కార్ల్ జిట్స్‌మన్ స్థాపించిన ఆల్ఫి సంస్థ గాజుబుడ్డి చుట్టూ నిగనిగలాడే లోహపు జగ్గును అమర్చి, ముక్కూ పిడీ పెట్టింది. డెన్మార్కులో స్టెల్టన్ సంస్థకు ఎరిక్ మాగ్నుసెన్ 1977లో గీసిన జగ్గులో మూత విప్పే పనే లేదు. వంచితే బిరడా తానే తెరుచుకుంటుంది, నిలబెడితే తానే మూసుకుంటుంది. అతిథితో మాట్లాడుతూ ఒక్క చేత్తో కాఫీ పోయవచ్చు.

మనకు మరచెంబు ఉండేది, తడిగుడ్డ చుట్టిన కూజా ఉండేది. మొదటిది నీరు తొణక్కుండా చూసేది, రెండవది చల్లబరిచేది. వేడిని నిలిపే పాత్ర మాత్రం ఫ్లాస్కుతోనే వచ్చింది. ఈగిల్ ఫ్లాస్కు పేరు ఎరుగని ఇల్లు ఒకనాడు అరుదు. పసిపిల్లల పాలకూ, ఆసుపత్రిలోని రోగికి వేడినీళ్ళకూ, రైలు ప్రయాణానికీ అదే దిక్కు. తరువాత స్టీలు గిన్నెకూ ప్లాస్టిక్ తొడుగుకూ నడుమ నురుగు నింపిన హాట్‌ప్యాకులు వచ్చి, ఇడ్లీలు కూడ అతిథికోసం వేచి ఉండటం నేర్చుకున్నాయి.

ఈ ఎర్రపూల ఫ్లాస్కు 1972లో మా ఇంటికి వచ్చింది. అప్పుడు నాకు పదేళ్ళు. సాయంకాలాలు మా నాన్నగారి మిత్రులు అరుగుమీద చేరి భారత భాగవతాలు చర్చించేవారు. ఒక్కొక్కరుగా వచ్చేవారు. వచ్చినవారికల్లా అమ్మ మళ్ళీ కిరోసిన్ స్టవ్వు వెలిగించి కాఫీ కలిపేది. ఫ్లాస్కు వచ్చాక నాలుగింటికే కాఫీ కలిపి అందులో పోసి, గడప లోపల చాప వేసుకొని కూర్చునేది. పద్యాలన్నీ అమ్మకు నోటికి వచ్చునని మాకు అప్పుడే తెలిసింది. ఒకరోజు అరుగుమీది వారు ఒక పాదం మరిచిపోతే లోపలినుంచి అందించింది.

ఆ వేసవిలో పుల్లకు గుడ్డ చుట్టి కడగబోయి నేను లోపలి అద్దం పగలగొట్టాను. నాన్నగారు కొట్టలేదు, అమ్మ తిట్టలేదు. కొత్త రీఫిల్లు కొనటానికి చేతిలో డబ్బు ఆడక ఆరు నెలలు గడిచాయి. ఆ ఆరు నెలలు అమ్మ తిరిగి స్టవ్వు దగ్గరే ఉంది. ఆ సంగతి అప్పుడు నేను గమనించనైనా లేదు. నాన్నగారు రీఫిల్లు తెచ్చిన సాయంత్రం గడప లోపల మళ్ళీ చాప పడింది. ఇప్పుడు తలుచుకుంటే నేను పగలగొట్టినది గాజు మాత్రమే కాదనిపిస్తుంది. అమ్మ పోయిన తరువాత, ఇల్లు మారేటప్పుడు ఆ రెండవ అద్దమూ పగిలింది. తొడుగు మాత్రం నా దగ్గర మిగిలింది.

ఇటువంటివి సేకరించదలచిన వారికి నా అనుభవంలోని నాలుగు మాటలు. పాత ఫ్లాస్కు కొనేముందు వేడినీళ్ళు పోసి మూత పెట్టి కాసేపాగి తాకండి. పక్కలు వెచ్చబడితే లోపలి శూన్యం పోయిందన్నమాట, ఇక అది అలంకారమే. గాజుబుడ్డి అడుగున తోకవంటి చిన్న మొన ఉంటుంది. గాలి తీసి మూసిన చోటు అదే గనుక దానికి దెబ్బ తగలరాదు. మరిగే కాఫీ పోసేముందు గోరువెచ్చని నీటితో తొలవండి. మంచుముక్కలను పైనుంచి పడవేయకండి. కొన్ని పాత ఫ్లాస్కులలో రెండు గాజుగోడల నడుమ ఆనికగా ఆస్‌బెస్టాస్ బిళ్ళలు పెట్టేవారు. కనుక పగిలిన అద్దాన్ని పిల్లల చేతికివ్వకండి, ముక్కలను విప్పి చూడకండి.

రూపం చెడకుండా, ఏదీ మార్చకుండా ఉంచాలన్నది సేకర్తల నియమం. నేనూ ఇన్నాళ్ళు ఆ నియమం చాటున తప్పించుకున్నాను. మనుమడు అడిగిన మరునాడు వాణ్ణి వెంటబెట్టుకొని పాతబజారులో పాత్రల దుకాణాలు తిరిగాను. మూడవ దుకాణంలో సరిపడే రీఫిల్లు దొరికింది. ఇప్పుడు ఆ ఫ్లాస్కు బీరువాలో లేదు, వంటింట్లో ఉంది. నాలుగింటికి కాఫీ కలిపి అందులో పోసే పని నాది. మా ఇంటావిడ ముందుగదిలో కూర్చుని వచ్చినవారితో మాట్లాడుతూ ఉంటుంది.

అరలో ఇప్పుడు పది పాత్రలే ఉన్నాయి. మీ ఇళ్ళలో అటకమీద ఇటువంటివి ఉంటే ఒకసారి దించి చూడండి. మీ ప్రాంతంలో ఫ్లాస్కుకు వేరే పేరు ఏదైనా ఉంటే వ్యాఖ్యలో తెలియజేయండి. పండితుడికి ఆ ఆశ ఎప్పుడూ ఉంటుంది.