పనసకు పట్టని ఫ్లాట్లు

పదిహేను కిలోల పనసపండు ఒక ఇంటికి ఎక్కువ, ఒక వీధికి సరి. కోసేవారు చేతులకు నూనె రాసుకుని కూర్చుంటే, వాసన పట్టుకుని చుట్టుపక్కల పిల్లలంతా చేరేవారు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పదో అంతస్తులో ఉండే ఇద్దరికి ఆ పండుతో ఏం పని?

ఆ ఊరు పుట్టింది మాత్రం సాగు కోసమే. 1882లో మైసూరు మహారాజు పదో చామరాజ వడయార్ ఆంగ్లో-ఇండియన్ల సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చాడు. సంఘాన్ని నడిపించిన డి.ఎస్. వైట్ పేరే ఊరికి మిగిలింది. అక్కడి దొరలు పలికిన 'జాక్' కూడా మన దక్షిణాది మాటే. మలయాళుల 'చక్క' పోర్చుగీసువారి నోట 'జాకా' అయి, ఇంగ్లీషులోకి చేరింది. అంతకు చాలా ముందే బాబరు ఈ పండును చూసి, గొర్రె పొట్టను తిరగేసినట్టుందనీ, తీపి వెగటనీ తన స్మృతుల్లో రాసుకున్నాడు. పాపం, ఆయనకు ఎవరూ పనసపొట్టు కూర పెట్టలేదు.

1990ల్లో టెక్ పార్కు వచ్చింది, దాని వెంట గోదావరి, కృష్ణా జిల్లాల పిల్లలూ వచ్చారు. కోలారు, హోసకోటె వైపు పల్లెల్లో తెలుగు ముందునుంచే ఉంది కాబట్టి భాషకు ఇబ్బంది లేదు. చిక్కల్లా కూరతోనే. పొట్టుకు గింజ ముదరని లేతకాయ కావాలి. పైచెక్కు తీసి, జిగురు కత్తికి అంటకుండా నూనె రాస్తూ, సన్నగా కొట్టాలి. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్లు పిండి, చింతపండు పులుసుతో ఎండుమిర్చి, మినప్పప్పు, ఇంగువ పోపులో వేయించాలి. ఆవముద్ద మాత్రం పొయ్యి మీంచి దించి, చల్లారాక కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. గోదావరి జిల్లాల పెళ్లిభోజనంలో ఈ కూర లేకపోతే వియ్యంకులు మనసులోనైనా గొణుక్కుంటారు.

పండిన తొనల్లో తీపితో పాటు సత్తువా ఉంది. నూరు గ్రాములకు సుమారు 95 కేలరీలు, 450 మిల్లీగ్రాముల దాకా పొటాషియం, 14 మిల్లీగ్రాముల సి విటమిన్. పిక్కలు పారేయకూడదు. పిండిపదార్థం దండిగా ఉన్న వాటిని ఉడకబెట్టో, కాల్చో తింటారు. పచ్చివి అరగవు.

నగరంలో పండును ముక్కలు చేసి అమ్మే దారి పడింది. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైన హాప్‌కామ్స్ వేసవిలో మామిడి, పనస మేళాలు పెడుతుంది. ఇటీవల పండే చిన్నదయింది. తుమకూరు జిల్లా చేలూరులో ఒక రైతు తోటలోని చెట్టును హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ పరీక్షించి 'సిద్దు' అని పేరు పెట్టింది. తొనలు రాగి ఎరుపు. అంట్లు అమ్మగా వచ్చే సొమ్ములో ముప్పాతిక వంతు ఆ రైతుకే చెందేలా ఒప్పందం కుదిరింది. పండు సగటు బరువు రెండున్నర కిలోలకు లోపే. ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇద్దరికి రెండు పూటల్లో అయిపోతుంది.